కిటికీ వైపు తిరిగిన చేప

2018 వేసవిలో నన్ను నరసాపురం డివిజన్‌కు మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా వేశారు. మా శాఖలో ఈ హోదాను ఎఫ్.డి.ఓ. అంటారు. పైన సహాయ సంచాలకులు, అంటే ఏ.డి. గారు ఉంటారు. కింద ఫీల్డ్‌మన్లు ఉంటారు. చెరువుల రిజిస్ట్రేషన్లు చూడటం, చేపపిల్లల నాణ్యత పరీక్షించడం, చేపలు మూకుమ్మడిగా చనిపోయినప్పుడు వెళ్లి కారణం తేల్చడం మధ్యలో ఉన్న మా పని. ఇళ్లలో అద్దాల తొట్టెల్లో పెంచుకునే చేపలు మా పరిధిలోకి రావు. వాటికి జబ్బు చేస్తే జనం అమ్మిన దుకాణం వాళ్లనే అడుగుతారు. నా ఉద్యోగకాలం మొత్తం మీద నేను ఒకే ఒక్క ఇంటి అక్వేరియం మీద విచారణ జరిపాను. అది ఆ వేసవిలోనే.

ఫిర్యాదు కలెక్టరేట్ నుంచి వచ్చింది. సోమవారాల్లో జనం ఇచ్చే అర్జీలను అక్కడ శాఖలవారీగా పంచుతారు. చేప అన్న మాట కనిపిస్తే చాలు, అది మా దగ్గరికి వస్తుంది. మొగల్తూరు దాటాక కాలువ గట్టు మీదున్న ఒక ఊరి నుంచి యేసురత్నం అనే రిటైర్డ్ సైన్సు మాస్టారు రాసిన అర్జీ అది. తన ఇంటి వెనక చేపల చెరువు ఉన్న సత్తిరాజు గారు కావాలనే విషపు నీళ్లు వదిలారనీ, దానివల్ల తాను ఏళ్ల తరబడి పెంచుకుంటున్న చేప చనిపోయిందనీ, ఆయన మీద చర్య తీసుకోవాలనీ అందులో ఉంది. అక్షరాలు బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. ఏ.డి. గారు పక్కన ‘విచారించి నివేదిక పంపండి’ అని రాసి నాకు పంపారు.

ఆ అర్జీ చదవగానే నాకు మొదట అనుమానం వచ్చింది మాస్టారి మీదే. ఇరుగుపొరుగు తగువుల్లో చచ్చిన చేపను సాక్ష్యంగా పట్టుకొచ్చేవాళ్లను అప్పటికే చాలామందిని చూశాను. ఎవరో మందు కలిపారని ఏడ్చిన రైతే తన చెరువులో తాను మందు కలుపుకున్న సందర్భాలు కూడా మా శాఖలో అందరికీ తెలుసు. పైగా ఈయన సైన్సు చెప్పిన మనిషి. ఏ మందు ఏం చేస్తుందో తెలియనివాడు కాదు. వారం చివర్లో వీలు చూసుకుని వెళ్దామని కాగితం పక్కన పెట్టాను.

మంగళవారం ఆయనే ఫోన్ చేశారు. “మేడమ్, రెండోది కూడా పోయేలా ఉందండి. మీరు చచ్చాక వస్తే ఏం చూస్తారు? బతికుండగా రండి,” అన్నారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా వినిపించింది. పరీక్షల పెట్టె జీపులో పెట్టించుకుని అప్పుడే బయలుదేరాను.

ఇల్లు చిన్నది. హాలు మాత్రం పెద్దది. ఎందుకంటే పక్కగదికీ హాలుకీ మధ్య గోడను మాస్టారు పడగొట్టించారు. వెనక గోడ పొడవునా సిమెంటు దిమ్మె, దాని మీద మందపాటి అద్దాల తొట్టె. అందులో ఒక్కటే చేప. జెయింట్ గౌరామి. ఆగ్నేయాసియా దేశాల్లో దీన్ని తిండి కోసం పెంచుతారు. మన దగ్గర అక్వేరియం దుకాణాల్లో బొటనవేలంత పిల్లగా అమ్ముతారు. ఎంత పెరుగుతుందో కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. మాస్టారు, ఆయన భార్య గ్రేసమ్మ గారు భీమవరంలో రెండు పిల్లల్ని కొని గాజు జాడీలో తెచ్చుకున్నారట. అవి పెరిగినకొద్దీ తొట్టె మారుస్తూ, చివరికి గోడే పడగొట్టాల్సి వచ్చింది. ఒకదానికి సమ్సోను అనీ, రెండోదానికి గిద్యోను అనీ గ్రేసమ్మ గారే బైబిల్లోంచి పేర్లు పెట్టారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. గిద్యోను కిందటి నెలలో చనిపోయింది. నేను చూస్తున్నది సమ్సోనుని.

మూర దాటిన పొడవు, చేటంత వెడల్పు, నుదుటి మీద బొప్పి, దళసరి పెదాలు. ఒక మూల పక్కకు ఒరిగి ఉంది. ఉండి ఉండి ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. మొప్పల పక్కనుండే రెక్కలు రెండూ తల వైపుకు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ రెక్కలు చూశాక నేను మాస్టారితో మాట్లాడటం ఆపేసి పెట్టె తెరిచాను. పురుగుమందుల్లో నరాల మీద పనిచేసే రకం ఒంట్లోకి వెళ్లిన చేప రెక్కలు అలా ముందుకు లాక్కుంటుంది. పొలం మందు చెరువులో కలిసినప్పుడు బొచ్చె, శీలావతి చేపల్లో అది చాలాసార్లు చూశాను. జబ్బు చేసిన చేప అలా ఉండదు.

అయినా పద్ధతి ప్రకారం నీళ్లతోనే మొదలుపెట్టాను. డెల్టాలో చేప చనిపోయిందంటే మొదట తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందేమో చూస్తాం. గౌరామికి ఆ లెక్క వర్తించదు. దాని తలలో అదనంగా ఒక అవయవం ఉంటుంది, దానితో పైకి వచ్చి గాలి గుటక వేసి బతకగలదు. అమ్మోనియా చూశాను, సరిగానే ఉంది. పీహెచ్, ఉప్పదనం కూడా సరిగానే ఉన్నాయి. నీళ్లు పంచాయతీ కుళాయివి, డ్రమ్ముల్లో నిలవ ఉంచి పోస్తారు. సత్తిరాజు గారి చెరువు నీళ్లు ఇంటి వెనక డ్రెయిన్‌లోకి పోతాయి తప్ప ఈ కుళాయిలోకి వచ్చే దారే లేదు. అంటే అర్జీలో రాసిన ఆరోపణ, రాసినట్టుగా అయితే, అబద్ధం.

తొట్టె కింద ఫిల్టరు గది ఉంది. తొట్టెలో నీళ్లే అందులోంచి తిరిగి పైకి వెళ్తాయి. దోమపిల్లల్ని తింటాయని అందులో గప్పీలు వేశారు. వేలిగోరంత చేపలు. మందు నీళ్లలో కలిసి ఉంటే అన్నిటికంటే ముందు అవి పోవాలి. అన్నీ హుషారుగా తిరుగుతున్నాయి.

విషం నీళ్లలో లేదు. సమ్సోను ఒంట్లో ఉంది. అంటే తిండిలో వచ్చింది.

ఏం పెడతారని అడిగాను. పెరట్లో బచ్చలి, ఉడికించిన బఠాణీ, ఎప్పుడైనా అరటిపండు ముక్క అన్నారు. మాంసం కన్నా ఆకులు ఎక్కువగా తినే చేప ఇది. ఎంత పెట్టినా కాదనదు. “నా చేతికీ గ్రేసు చేతికీ తప్ప ఎవరి చేతికీ రాదండి. కొత్తవాళ్లు దగ్గరికొస్తే వెనక్కి పోతుంది,” అన్నారు. తొట్టె అడుగు నుంచి సైఫన్ గొట్టంతో రెట్ట లాగి తెల్లటి పళ్లెంలో పోశాను. ఆకు తినే చేప రెట్టలో పీచు పూర్తిగా అరగదు. అందులో ముదురు ఎరుపు పోగులు కనిపించాయి. ఎర్ర తోటకూర కాడ పీచు.

“తోటకూర పెడతారా మాస్టారూ?”

“లేదండి. ఎప్పుడూ పెట్టలేదు.”

ఆయన ముఖంలోకి చూశాను. తెల్లబోయారు. నటిస్తున్నారో లేదో నేను తేల్చుకోలేకపోయాను. వెంటనే, “చూశారా? నేను చెప్పలేదూ? రిపోర్టులో విషప్రయోగం అని రాయండి,” అన్నారు. కారణం తేలకుండా ఆ మాట రాయనన్నాను. ఆయనకు నచ్చలేదు. మీకూ సత్తిరాజుకూ ముందే పరిచయం ఉందా అని నన్నే అడిగారు.

చేపను శుభ్రమైన నీళ్లున్న సిమెంటు తొట్టెలోకి మార్పించి, గాలి మోటారు పెట్టించి, ఫిల్టరులో మలినాలు పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ మూట వేయించాను. మేత పూర్తిగా మానేయమన్నాను. అంతకంటే చేయగలిగింది లేదు. ఎప్పుడు ఒరిగిందని అడిగితే, ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అలా ఉందన్నారు. గిద్యోను సంగతి కూడా అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, “అదీ ఆదివారమేనండి,” అన్నారు.

ఆదివారం పూట ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. రెండో తాళంచెవి కరుణమ్మ దగ్గర ఉంది. ఆమె ఇల్లు ఊడ్చి, అంట్లు తోమే మనిషి. ఆదివారం ఆమె కూడా మాస్టారు వెళ్లే చర్చికే వెళ్తుంది. గిద్యోను పోయిన దగ్గర్నుంచి మాస్టారు ఆమెను హాల్లోకి రానివ్వడం లేదు. సత్తిరాజు గారు ఆమెకు ఏదో ఆశ చూపి ఉంటారని ఆయన అనుమానం.

కరుణమ్మ వెనక వసారాలో గిన్నెలు తోముతోంది. నేను అడిగినదానికి తలెత్తకుండానే జవాబిచ్చింది. “నాకేం తెలుస్తుందండి. ఆ గుమ్మం తొక్కొద్దన్నారు, తొక్కట్లేదు.” ఆదివారాలు ఎవరైనా రావడం చూశావా అని అడిగాను. గిన్నె తోమడం ఆగింది. చూపు ఒక్కసారి హాలు వెనక సందు వైపు పోయి వచ్చింది. “లేదండి,” అంది. నాకు అది అబద్ధమని తెలిసిపోయింది. ఎవరిని కాపాడుతోందో తెలియలేదు.

అక్కడి నుంచి సత్తిరాజు గారి చెరువుకు వెళ్లాను. ఆయనకు యాభై దాటి ఉంటాయి. మనిషి ముక్కుసూటి. “ఆయన చేపకి మందు పెట్టే ఖాళీ నాకెక్కడుందండీ? నా చేపలకే పేను పట్టి చస్తున్నాయి,” అన్నారు. చేప పేను అంటే చేప ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగు. దానికి వాడకూడని పొలం మందును చాలామంది వాడతారు. మోటారు షెడ్డులో గూట్లో సగం ఖాళీ అయిన సీసా కనిపించింది. నేను అనుకున్న రకం మందే. చెరువులో ఇది వాడకూడదని చెప్పి సీసా పేరు రాసుకున్నాను. షెడ్డు పక్కన గట్టు మీద ఒక మడి ఉంది. ఏపుగా పెరిగిన ఎర్ర తోటకూర.

నేను వంగి నాలుగు కాడలు తుంచబోతుంటే ఆయన వెనక నుంచి గట్టిగా అరిచారు. “అది కొయ్యకండి మేడమ్! మందు కొట్టాం. ఇంకా కొన్నాళ్లు ఆగాలి.”

నేను నిటారుగా నిలబడి ఆయన్ని చూశాను. ఆ ఆకులో విషం ఉందని ఆయనకు తెలుసు. ఆ ఆకు గోడ అవతల చేప కడుపులో ఉంది. పరీక్ష కోసమని చెప్పి కాడలు కాగితం కవర్లో వేసుకున్నాను. దేనికి పరీక్ష అని ఆయన అడగలేదు. ఎందుకు అడగలేదన్నది దారంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఆ రాత్రి ఏ.డి. గారికి ఫోన్ చేసి, విషం సంగతి దాదాపు తేలింది గానీ చేయి ఎవరిదో తేలలేదన్నాను. పోలీసులకు అప్పగించమంటారా అని అడిగాను. ఆయన, చేప కోసం పోలీసులంటే ఊరు రెండుగా చీలిపోతుంది, ఇంకొక్క ఆదివారం చూడండి అన్నారు.

శనివారానికి సమ్సోను నిటారుగా నిలబడింది. వణుకు తగ్గింది. దాన్ని మళ్లీ పెద్ద తొట్టెలోకి మార్పించాను. మాస్టారు మాత్రం చర్చికి వెళ్లనని మొండికేశారు. కర్ర పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటానన్నారు. మీరు కూర్చుంటే ఎవరూ రారు, ఎవరో తెలియదు, మీరు లేని ఇంకొక ఆదివారం ఇది చచ్చిపోతుంది అని చెప్పాను. చివరికి బైబిలు చంకలో పెట్టుకుని వెళ్లారు. గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. నా మీద కూడా ఆయనకు పూర్తి నమ్మకం లేదు.

హాల్లో అల్మారా చాటున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తొట్టె చివర ఒక కిటికీ ఉంది. గాలి కోసం దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. దాని అవతల సందు, సందు అవతల సత్తిరాజు గారి ప్రహరీ. కిటికీ ఊచల్లోంచి చేయి పెడితే తొట్టె అంచు అందుతుంది. చర్చి మైకులో పాటలు అయిపోయి ప్రసంగం మొదలైంది. నాకు చెమటలు పడుతున్నాయి. ఎవరూ రాకపోతే ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు సమ్సోను కదిలింది. మెల్లగా తిరిగి, కిటికీ ఉన్న మూలకు వెళ్లి, పైకి తేలి నిలబడింది. నాకు అప్పటికి ఏ చప్పుడూ వినిపించలేదు. కొంచెంసేపటికి సందులో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చే అడుగులు వినిపించాయి. కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చేయి లోపలికి వచ్చింది. ముడతలు పడిన చేయి, రెండు గాజులు. వేళ్ల మధ్య ఎర్ర తోటకూర, దాని నుంచి నీళ్లు కారుతున్నాయి.

“ఏరా నాయనా, బావున్నావా? పోయిన వారం తిన్నావో లేదో చూడకుండానే వెళ్లిపోయానురా,” అంది గొంతు.

“అమ్మా, ఆ ఆకు నీళ్లలో వేయకండి,” అన్నాను.

చేయి అలాగే ఆగిపోయింది. చేప నోరు తెరుచుకుని ఆకు కిందే నిలబడి ఉంది. నేను ఒక్క అంగలో వెళ్లి ఆ కట్ట అందుకున్నాను. ఆవిడ పారిపోలేదు. “ఎవరమ్మా లోపల? కరుణా?” అని అడిగింది.

చుట్టూ తిరిగి సందులోకి వెళ్లాను. ఎనభై దగ్గరపడిన మనిషి, తెల్లటి వాయిలు చీర, ఒక కంట్లో శుక్లం. సత్తిరాజు గారి తల్లి సుభద్రయ్యమ్మ గారు. నేను ఎవరో చెప్పాను. కొడుకు పంపాడేమోనన్న అనుమానం నాకు ఇంకా పోలేదు. అందుకే కొంచెం కటువుగానే అడిగాను, ఈ ఆకు ఎక్కడిదని.

“మా మడిలోదేనమ్మా. కడిగే తెచ్చాను. రెండుసార్లు కడిగాను.”

“దానికి మందు కొట్టారని మీకు తెలియదా?”

“తెలుసు. ఇంట్లో వండొద్దన్నాడు మావాడు. వండలేదు. మనుషులు తినకూడదన్నాడు గానీ చేపకి పెట్టొద్దని అనలేదు కదమ్మా. నీళ్లలో బతికేదానికి ఆకు మీద మందు ఏం చేస్తుందిలే అనుకున్నాను. కడిగితే పోతుందనుకున్నాను. ముదిరిపోతోంది, ఎందుకు పారేయడమని…”

చెప్పుకుపోతున్నదల్లా నా ముఖం చూసి ఆగింది. అంతకుముందు గ్రేసమ్మ గారూ తానూ ఈ కిటికీ దగ్గరే చేపలకు ఆకులు పెట్టేవాళ్లమనీ, చెరువు నీళ్ల మీద మగవాళ్లిద్దరికీ మాటలు పోయాక రాకపోకలు ఆగిపోయాయనీ, గ్రేసమ్మ పోయాక ఆదివారం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి పోతున్నాననీ చెప్పింది. “మాకూ వాళ్లకీ మాటల్లేవు గానీ, దానికీ నాకూ తగువేముందమ్మా?” అంది. కరుణమ్మ ఒకసారి చూసిందనీ, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాననీ కూడా ఒప్పుకుంది. కొడుక్కి తెలిస్తే గొడవ చేస్తాడని భయం.

ఆకులో ఉన్న మందే సమ్సోనుని పడేసిందని నేను చెప్పాల్సి వచ్చింది. ఆవిడ సందు గోడకు చేయి ఆనించి నిలబడింది. “అయితే గిద్యోను కూడా నా చేత్తోనే పోయిందా?” అని అడిగింది.

“చెప్పలేనమ్మా. ఆ చేపను నేను చూడలేదు,” అన్నాను. వృత్తిరీత్యా అది సరైన జవాబే. చూడని చేప గురించి ఏ అధికారీ చెప్పకూడదు.

ఇంటికి వెళ్లిపొమ్మన్నాను. ఆవిడ వెళ్లలేదు. మాస్టారు వచ్చేదాకా ఉంటానంది. ఆయన చర్చి నుంచి వచ్చి, తన గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయారు.

“మాస్టారూ, మీ చేపకి తోటకూర పెట్టింది నేనండి. మందు కొట్టిన ఆకు. దానికి హాని చేస్తుందనుకోలేదు,” అంది ఆవిడ లేచి నిలబడి.

“మీ అబ్బాయి పంపాడా?”

“వాడికి తెలిస్తే నన్నిక్కడికి రానిస్తాడా?”

ఆయన నా వైపు తిరిగారు. “ఈవిడ చెప్పేది నిజమేనంటారా మేడమ్? అంతా కలిసి అనుకున్న మాట కాదు కదా?”

కొత్తవాళ్ల చేతికి మీ చేప రాదని మీరే చెప్పారు, ఈవిడ అడుగులు నాకు వినపడకముందే అది కిటికీ దగ్గరికి వెళ్లింది అన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఆ కిటికీ మూసేశారు. గడియ పడిన చప్పుడు మాకు బయటికి వినిపించింది. ఆవిడ తల దించుకుంది. తరువాత లోపల నుంచే ఆయన గొంతు వచ్చింది, నాతో అన్నట్టుగా. “ఆ పెద్దావిడని ఎండలో నిలబడొద్దనండి. నీడలో కూర్చోమనండి.”

నేను నివేదిక రెండు భాగాలుగా రాశాను. మొదటి భాగంలో, చేపకు విషం చేరింది మేత ద్వారా అనీ, అది తెలియక జరిగిందనీ, ఉద్దేశపూర్వకంగా చేసినట్టు ఆధారం లేదనీ రాశాను. తోటకూర నమూనాను మందు అవశేషాల పరీక్షకు పంపాం. ఆ సీసాలోని మందే ఆకు మీద ఉందని తరువాత జవాబు వచ్చింది. రెట్ట మాత్రం పరీక్షకు సరిపోయేంత లేదు. రెండో భాగం సత్తిరాజు గారి చెరువు గురించి. మాస్టారి అర్జీలో విషం సంగతి తప్పే అయినా, చెరువు మురుగు నీటిని మడ్డి తేరుకునే నిలవగుంట లేకుండా నేరుగా డ్రెయిన్‌లోకి వదులుతున్న మాట నిజం. దానికి నోటీసు ఇచ్చాను.

నోటీసు అందుకున్న రోజు సత్తిరాజు గారు ఆఫీసుకు వచ్చి, “మా అమ్మ మీద కేసు రాశారా?” అని గద్దించారు. రాయలేదని కాగితం చూపించాక కుర్చీలో కూర్చున్నారు. మడికి మందు ఎన్నిసార్లు కొట్టారని అడిగాను. వేసవి మొదట్లో ఒకసారి, మొన్న ఒకసారి అన్నారు. మొదటిసారి కొట్టింది గిద్యోను పోయిన ఆదివారానికి ముందు వారమేనని తేలాక, మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. దేనికి పరీక్ష అని ఆ రోజు ఎందుకు అడగలేదని కూడా అడిగాను. చెరువులో వాడిన మందు కోసం పట్టుకుంటారేమోనని భయపడ్డానన్నారు. వెళ్లేముందు, మొదటిసారి మందు ఎప్పుడు కొట్టానో మా అమ్మకు చెప్పకండి అన్నారు. ఆయన గుంట తవ్వించారు. తోటకూర మడిని దున్నించేశారు.

ఈలోగా పని మానేసిన కరుణమ్మను మళ్లీ పనిలోకి రమ్మని మాస్టారు ఆమె ఇంటికి వెళ్లి అడిగారు. ఆమె వెళ్లలేదు. ఎందుకని నేనే అడిగాను ఒకసారి. “చర్చిలో అందరి ముందూ నా వైపు చూస్తా దొంగచేతుల గురించి ప్రార్థన చేశారండి. ఇప్పుడు ఒక్కరే ఇంటికొచ్చి చెప్తే సరిపోద్దా?” అంది. ఆ తరువాత ఆయన చర్చిలో కూడా లేచి చెప్పారని విన్నాను. అప్పటికి ఆమె వేరే ఇంట్లో కుదురుకుంది.

చలికాలంలో అటు తనిఖీకి వెళ్లినప్పుడు ఆ ఇంటికి వెళ్లాను. సమ్సోను బతికే ఉంది. ఎడమ రెక్క పూర్తిగా విచ్చుకోవడం లేదు, ఈదడానికి ఇబ్బంది లేదు. సుభద్రయ్యమ్మ గారు తొట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మాస్టారు తన పెరటి బచ్చలిని ఒక్కొక్క ఆకే తిరగేసి చూసి, వాసన చూసి, అప్పుడు ఆవిడ చేతికి ఇస్తున్నారు. అంత పరీక్ష అవసరమా అన్నట్టు నేను చూశాను. “చూడకుండా ఇవ్వలేనండి,” అన్నారాయన. ఆవిడ నొచ్చుకోలేదు. ఆకు కోసం చేయి చాపి ఎదురుచూస్తున్నారు.

ఆ విచారణ తరువాత నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. చేపలు చనిపోయాయని వచ్చినవాళ్లను మీకు ఎవరి మీద అనుమానం అని అడిగితే ప్రతివారి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు విన్న అధికారి కూడా అదే దారిలో ఆలోచించడం మొదలుపెడతాడు. నేనూ అలాగే ఆలోచించాను. ఎదురుగా కనిపించిన ప్రతి మనిషినీ అనుమానించాను, ఒక్క అనుమానం కూడా నిజం కాలేదు. అందుకని రిటైరయ్యేదాకా ఆ ప్రశ్నను ఆఖరికి నెట్టాను. వాటికి మీరు కాక ఇంకెవరు మేత వేస్తారు, ఎవరికి అవంటే ఇష్టం అని ముందు అడిగేదాన్ని. దానికి చాలామంది వెంటనే జవాబు చెప్పలేకపోయేవారు. వాళ్లు ఆలోచించుకునేదాకా నేను పెన్ను తీసేదాన్ని కాదు.